పుట్టినింటి పట్టము, మెట్టినింటి బిరుదు

ఐరోపా రాజకుటుంబములను గూర్చిన వార్తలు చదువునపుడు మన సోదరీమణులకు రాణి, ప్రిన్సెస్సు, డచెస్సు, మార్క్వీసు అను బిరుదులు తఱచుగ కానవచ్చుచుండును. రాజు భార్య రాణి యనియు, డ్యూకు భార్య డచెస్సనియు తలచి మనము పుట త్రిప్పుదుము. చాల తావుల నది నిజమే. కాని యొక్కొకచో నదే బిరుదు భర్తవలన గాక తండ్రివలననో, తల్లివలననో వచ్చినదై యుండును. చూచుటకు మాట యొక్కటియే. దాని వెనుక నున్న యధికారము మాత్రము వేఱు. మెట్టినింట వచ్చిన బిరుదు భర్త కీర్తికి నీడ వంటిది. అతడు గతించిన పిదప నామె రాజమాతగనో, వితంతువగు డచెస్సుగనో మిగులును. పుట్టినింట వచ్చిన పట్టము నట్లు కాదు. అది యామె సొత్తు. భర్త యున్నను, లేకున్నను, విడిపోయినను, నది యామెను వీడదు. మన యిండ్లలో స్త్రీధనమునకును, మగని యాస్తికిని గల భేదము నెఱిగిన వారి కీ సంగతి విప్పి చెప్పనక్కఱలేదు.

ఇటలీ దేశమునం దీ భేదము చక్కగ తెలియవచ్చును. ఏలయన నా దేశము 1861 వఱకు నేకరాజ్యము కాక, పెక్కు చిన్న రాజ్యములుగ నుండెను. ఒక రాజ్యమున ఆడుబిడ్డకు పట్టము చెల్లును. కొండ దాటిన పొరుగు రాజ్యమున చెల్లదు. ఒకే తల్లి కడుపున బుట్టిన బిడ్డకు తల్లివైపు సంస్థానము దక్కి, తండ్రివైపు రాజ్యము చేయిజాఱిన కథ యొకటి కలదు. దానినే యిచట ముఖ్యముగ చెప్పదలచితిని.

ముందుగ చెల్లని వారి సంగతి. ఏకమైన యిటలీకి మొదటి రాణి మార్గెరీటా. ఈమె సవాయ్ రాజవంశమునందే 1851లో పుట్టినది. తండ్రి జెనోవా డ్యూకు. 1868లో నీమెను పెదతండ్రి కుమారుడగు ఉంబెర్తోకిచ్చి వివాహము చేసిరి. పెదతండ్రి కుమారుడు మనకు అన్నగారు. ఆ వరుస వినుటకే మనకు కష్టముగ నుండును. ఐరోపా రాజుల కట్టి పట్టింపు లేదు. భర్తకు 1878లో పట్టాభిషేక యోగము కలుగగా నీమెయు రాణి యయ్యెను. చూడుడు, పుట్టినిల్లును మెట్టినిల్లును నొక్క వంశమే. రక్తమున భర్త కెంత హక్కో యీమెకును దాదాపంత సామీప్యము కలదు. అయినను రాణీత్వము వచ్చినది మాంగల్యమువలననే గాని జన్మమువలన గాదు. సవాయ్ వంశమున పురుష సంతతికే రాజ్యము చెందవలెనను నియమ ముండుటయే దీనికి కారణము. దీనికి శాలిక్ ధర్మమని పేరు. ప్రాచీన ఫ్రాంకు జాతివారి స్మృతి నుండి యా పేరు వచ్చినది.

ఆ రాజ్యమే యిపుడు లేదు. 1946 జూను 2వ తేదీన ప్రజలు వోటు వేసి రాచఱికమును తొలగించిరి. దేశమంతటి విషయమున నిటలీ స్త్రీలు వోటు వేయుట కదియే మొదటిసారి. 1948లో నమలులోనికి వచ్చిన రాజ్యాంగము ప్రభువర్గపు బిరుదులను గుర్తింపనే లేదు. ఇదంతయు జరిగిన డెబ్బదియేండ్లకు, 2019 చివర, ఆ వంశపు పెద్దగా నుండిన విత్తోరియో ఎమానుఏలే శాలిక్ నియమమును రద్దుపఱచి, తన మనుమరాలికి వారసత్వము చెల్లునట్లు శాసనము వ్రాసెను. వంశములోని మఱియొక శాఖవారు దాని నొప్పుకొనలేదు. రాజ్యమున్న కాలమున ఆడుబిడ్డకు పెట్టని పీట రాజ్యము పోయిన తరువాత పెట్టిరి.

ఇక చెల్లిన వారు. మధ్యయుగములం దిటలీ యుత్తరభాగమునకు పవిత్ర రోమను సామ్రాజ్య చక్రవర్తి పేరునకు సార్వభౌముడు. ఆయన దేశము జర్మనీ. చిన్న ప్రభువులు తమ భూముల నాయన యిచ్చిన సన్నదు ననుసరించి యనుభవించుచుండిరి. మన జమీందారులకును నవాబులకును గల సంబంధము వంటిది. సన్నదులో పురుష సంతతికని యుండెనేని మగబిడ్డ లేనినాడు భూమి మఱల చక్రవర్తికి చెందును; ఆడుబిడ్డకును చెల్లునని యుండెనేని కూతురు పట్టమెక్కును. కనుక నొక రాజకుమారి భాగ్యము నాలుగైదు తరముల క్రిందట నొక లేఖకుడు వ్రాసిన పత్రముమీద నాధారపడి యుండెడిది.

తోస్కానా ప్రాంతము నేలిన మాటిల్డా యిట్టి వారిలో నగ్రగణ్య. 1046లో పుట్టిన యీమె బాల్యముననే తండ్రిని, తోబుట్టువును గోల్పోయి, విశాలమైన భూములకు వారసురాలయ్యెను. 1077లో నాలుగవ హెన్రీ చక్రవర్తి పోపు గ్రెగొరీ క్షమాపణ కోరి, మంచులో మూడు దినములు నిలుచున్నది యీమె కనోస్సా దుర్గద్వారముననే. తన బిరుదు చక్రవర్తివలన వచ్చినదా, తండ్రివలన వచ్చినదా యను తగవు తెగకుండగనే యీమె తన పత్రములమీద చిత్రమైన చేవ్రాలు చేయుచుండెను. దేవుని దయవలన తా నేమైన నయినచో నదియే యగు మాటిల్డా యని దాని భావము. బిరుదులకై ప్రాణములు తీసికొను ఆ కాలమున నింత నిబ్బరముతో తన పేరొక్కటియే చాలుననుకొన్న దొరలు నెందఱుందురో తెలియదు. 1115లో నీమె గతించెను. ఐదు నూఱుల యేండ్లకు పైబడిన తరువాత నొక పోపు ఈమె యస్థికలను రోములోని సెయింటు పీటరు దేవాలయమునకు దెప్పించి సమాధి కట్టించెను.

దక్షిణమున సిసిలీ రాజ్యమునకు వారసురాలైన కొన్‌స్తాన్‌జా కథ స్త్రీలకు మఱింత మనసునకు పట్టునది. 1154లో తండ్రి రాజైన రోజరు గతించిన పిమ్మట పుట్టిన బిడ్డ. పెండ్లి యాలస్యమయ్యెను. నలుబదియవ యేట, 1194 డిసెంబరు 26వ తేదీన, యేసీ యను పట్టణమున నీమె కొక కుమారుడు కలిగెను. ఆ వయస్సున తొలికాన్పు జరుగునా యని శత్రువులు సందేహింతురని యెంచి, పట్టణపు నడివీధిలో డేరా వేయించి, ఊరి పెద్ద ముత్తయిదువల యెదుట ప్రసవించెనని కథ కలదు. పట్టమునకు హక్కు తనదైనను, బిడ్డ తనదని నిరూపించుకొనవలసివచ్చినది కూడ తానే. భర్త గతించిన వెంటనే యీమె తన తండ్రి రాజ్యమును తన పేరనే యేలి, మూడేండ్ల కుమారునకు పట్టము గట్టి, 1198లో కన్ను మూసెను. ఆ బాలుడే పిదప లోకప్రసిద్ధుడైన రెండవ ఫ్రెడరిక్ చక్రవర్తి.

నేపుల్సు రాణి జొవాన్నా సంగతి వేఱు. తాత యిచ్చిన రాజ్యము 1343లో నీమెకు వచ్చెను. బాల్యముననే పెండ్లాడిన హంగరీ రాజకుమారుడు తానును రాజునగుదునని పట్టుపట్టెను. 1345లో నతడు హత్యకు గురి యయ్యెను. నిందయంతయు నామెపై బడెను. హంగరీ సైన్యములు దండెత్తి రాగా ప్రొవాన్సుకు పాఱిపోయి, తన సొత్తైన అవిన్యోను నగరమును 1348లో పోపునకు ఎనుబదివేల బంగారు నాణెములకు విక్రయించెను. నలుగురిని పెండ్లాడినను రాజ్యపు తగవులు తీఱలేదు. 1382లో నామెయును చంపబడెను. ఆడుదాని పట్టముమీద తొలి కన్ను భర్తది యగుట యీ చరిత్రలలో మాటిమాటికి కాననగును.

ఇచట మన దేశపు మాట యొకటి జ్ఞప్తికి వచ్చుచున్నది. అంతకు ముందటి శతాబ్దమున వెనీసు నగరవాసి యగు మార్కోపోలో మోటుపల్లి ప్రాంతమును గూర్చి వ్రాయుచు, అచట నొక రాణి న్యాయముగ పరిపాలించుచున్నదని కొనియాడెను. ఆమె మన కాకతీయ రుద్రమదేవి. కాని యతడామెను గతించిన రాజుయొక్క భార్యగా వ్రాసికొనెను. రుద్రమ గణపతిదేవుని కుమార్తె గాని భార్య గాదు. రాణి యనగనే రాజు భార్య యనుకొనుట యా యిటలీవాని కలవాటు కాబోలు. మనవారును తక్కువ వారు కారు. శాసనములలో నామెను రుద్రదేవ మహారాజని మగపేరుతోనే చెక్కించిరి. ఆమెకు కొడుకులు లేకుండుటచే కూతురి కుమారుడగు ప్రతాపరుద్రునకు రాజ్యము చెందెను. ఈ దౌహిత్రుని వారసత్వమును కొంచెము గుర్తుంచుకొనుడు. ముందు దీనితో పని గలదు.

ఇక మస్సా, కర్రారా సంస్థానములకు వత్తము. ఇటలీ పటమున తోస్కానా ప్రాంతమున కుత్తరపు కొసన, కొండలకును సముద్రమునకును నడుమ నిఱికించినట్లున్న చిన్న సీమ యిది. రాజ్యముగ చూచిన చాల చిన్నది. కాని కర్రారా కొండలనిండ తెల్లని చలువరాయి. రోమను చక్రవర్తుల దేవాలయములకును, మైకెలాంజిలో శిల్పములకును రాయి యిచటినుండియే పోయినది. ఆ మహాశిల్పి స్వయముగ నీ కొండలకు వచ్చి నెలల తరబడి యుండి రాళ్ల నేఱుకొనుచుండెను.

1519లో నీ సీమ కధిపతి యైన మలస్పీనా వంశపు మార్క్విసు మగ సంతతి లేక గతించెను. కుమార్తె రిచ్చార్దాకు సంస్థానము వచ్చెను. ఆమెకు మొదటి భర్త త్వరలోనే పోగా, 1520లో లొరెన్‌జో చీబో యనువానిని పెండ్లాడెను. ఈతడు సామాన్యుడు కాడు. ఒక పోపునకు మనుమడు, మఱియొక పోపునకు మేనల్లుడు. అంతటి వంశగౌరవ మున్నవాడు భార్య సంస్థానమున భార్యకు రెండవవాడుగ నుండుటకు సమ్మతించునా? ఇరువురకును పొత్తు కుదురలేదు. ఐదవ చార్లెసు చక్రవర్తి రిచ్చార్దా హక్కునే బలపఱచెను. ఆమె యెక్కువ కాలము రోము నగరమున నివసించుచు, దూరము నుండియే పాలన జరిపించుచుండెను.

భర్తతో తీఱిన తగవు కొడుకుతో మొదలయ్యెను. పెద్దకుమారుడు జూలియో యువకుడు, తొందరపాటు గలవాడు. తల్లి బ్రదికి యుండగనే 1546లో నితరుల సాయముతో సంస్థానము నాక్రమించుకొనెను. తల్లి చక్రవర్తికి మొఱపెట్టుకొనెను. మఱుసటి యేడే యా సీమ మఱల తల్లికి దక్కెను. కుమారు డూరకుండక, ఫ్రెంచివారి పక్షమున జేరి, జెనోవా నగరములో చక్రవర్తి మిత్రుల ప్రభుత్వమును గూలద్రోయుటకు కుట్రలో దిగి పట్టుపడెను. 1548లో మిలాను నగరమున నతని శిరస్సు ఖండించిరి. ఇరువదిమూడేండ్లు నిండెనో, లేదో. తన హక్కును నిలుపుకొన్న తల్లి కా వార్త యెట్లు చేరినదో, చేరినపు డామె యెట్లున్నదో చరిత్రకారులు వ్రాయరు. వారికి సన్నదులు కావలెను. మనకు మాత్ర మా దినము కంటి కట్టును.

1553లో రిచ్చార్దా గతించుచు సంస్థానమును రెండవ కుమారుడగు ఆల్బెరీకోకు విడిచెను. ఆతడు తండ్రి యింటి పేరగు చీబో తోడ తల్లి యింటి పేరగు మలస్పీనాను చేర్చుకొని చీబో-మలస్పీనా యయ్యెను. తల్లి భూమి ననుభవించువాడు తల్లి పేరును మోయవలెను గదా. ఈతడు డెబ్బదియేండ్లు పాలించి, 1623లో గతించెను. ఈతని కాలముననే 1568లో చక్రవర్తి మస్సాను ప్రిన్సు పదవికి పెంచెను. 1664లో నది డ్యూకు రాజ్యమయ్యెను.

రెండువందల యేండ్లు మగబిడ్డలకు కొదువ లేక గడచెను. 1731లో డ్యూకు అల్దెరానో ముగ్గురు కుమార్తెలను మాత్రము విడిచి గతించెను. పెద్దది మరియా తెరేసా, 1725లో పుట్టినది. ఆఱేండ్ల బిడ్డ డచెస్సయ్యెను. తల్లి రిచ్చార్దా గొన్‌జాగా సంరక్షకురాలుగ రాజ్యము చూచుకొనెను. ఈ తల్లి సంగతి విచిత్రమైనది. ఆమె నొవెల్లారా సంస్థానపు గొన్‌జాగా వంశమున కడపటిది. తోబుట్టువు సంతులేక 1728లో పోగా, ఆడుబిడ్డకు చెల్లదని చక్రవర్తి యా సంస్థానమును మోదెనా నేలు ఎస్తే వంశమువారికిచ్చెను. తన పుట్టినింటి పట్టము తనకు రాలేదు. తన కూతురి పుట్టినింటి పట్టమును తాను గాపాడుచు కూర్చుండెను.

బాల డచెస్సనగా వరుల కేమి కొఱత? తొమ్మిదవ యేట, 1734లో, సవాయ్ వంశములోని యొక శాఖకు చెందిన యూజెనియో యను రాకుమారునితో బిడ్డకు ప్రతినిధి వివాహము జరిపించిరి. వరుడు దూరమున సైన్యములో నుండెను. అతని తరపున మఱియొకరు నిలువబడి ప్రమాణములు చేసిరి. అతడు వధువు ముఖమైనను చూడకుండగనే యా సంవత్సరమే జర్మనీలో గతించెను. తొమ్మిదేండ్ల బిడ్డ పెండ్లికూతురును, వితంతువును నొక్క యేడాదిలోనే యయ్యెను. ఇట్టి కథలు మన తాతమ్మల నోట నెన్ని వినలేదు? భేద మొక్కటియే. అచట బిడ్డకు తల గొఱుగలేదు, మూల గూర్చుండబెట్టలేదు; వెంటనే రెండవ సంబంధము వెదకిరి. దయవలన నని పొరబడవలదు. బిడ్డతో కూడ సముద్రతీర మున్నది.

ఆ తీరముమీద నెస్తే వంశమువారి కన్ను పడెను. వారి మోదెనా రాజ్యమునకు సముద్రము లేదు. 1741లో మరియా తెరేసాను మోదెనా యువరాజగు ఎర్కోలే కిచ్చి పెండ్లి చేసిరి. వధువునకు పదునాఱేండ్లు, వరునకు పదునాలుగు నిండలేదు. మోదెనానుండి మస్సాకు నడుమ మహాపర్వతములు. వానిమీదుగ వందెల్లి యను గణితజ్ఞుడు బాట వేయించెను. ఆ బాట నిప్పటికిని వందెల్లి బాట యనియే పిలుచుచున్నారు. ఏటవాలున చుట్లు చుట్లుగ దిగు నా రాతి బాటను చూచినచో, నొక పెండ్లి యెట్టి పనులు చేయించునో తెలియును. ఆ బాట చివర తలపెట్టిన గొప్ప ఓడరేవు మాత్రము తలపుగనే మిగిలిపోయెను.

కాపురము సుఖముగ సాగలేదు. 1750లో మరియా బెయాత్రీచే యను కుమార్తె కలిగెను. 1753లో పుట్టిన కుమారుడు పసిగుడ్డుగనే పోయెను. భర్త వేఱొక స్త్రీని చేరదీసెను. మరియా తెరేసా విడిగ రెజ్జో నగరమున కాపురముండెను. 1780లో భర్త మోదెనా డ్యూకు కాగా నీమెకు మోదెనా డచెస్సను బిరుదు గూడ వచ్చెను. ఆ బిరుదువలన నామె కొరిగిన దేమియు లేదు. మస్సాలో నామె స్వయముగ డచెస్సు. 1769లో కర్రారాలో నామె లలితకళాశాల నొకదానిని స్థాపించెను. రాయి కొట్టువారి బిడ్డలు రాతిని మలచుట నేర్చిన చదువిది. తమ కొండరాయి పరదేశపు శిల్పుల చేతులలో మాత్రమే విగ్రహమగుచుండుట యీమెకు నచ్చియుండదు. ఆ విద్యాలయము నేటికిని కర్రారాలో ప్రాచీన దుర్గప్రాసాదమున నడచుచున్నది. 1790లో మరియా తెరేసా రెజ్జోలో కన్ను మూసెను. భర్త కొన్నియేండ్ల పిదప తాను చేరదీసిన యామెను పెండ్లాడెను. కాని మస్సా యా భర్తకు రాలేదు, నేరుగ కుమార్తెకు వచ్చెను.

ఈ కుమార్తె మరియా బెయాత్రీచేయే నేను మొదట చెప్పిన బిడ్డ. తల్లివైపు మస్సా పట్టము ఆడుబిడ్డకు చెల్లును. తండ్రివైపు మోదెనా చెల్లదు. ఎస్తే వంశమున నీమె తరువాత నెవరును లేరు. అప్పటికి వియన్నాలో పరిపాలించుచున్నది సుప్రసిద్ధురాలగు మరియా తెరేసా మహారాణి. మన కథలోని డచెస్సు పేరే యామెకును. చదువరులు తికమక పడకుందురు గాక. ఆ మహారాణియు తండ్రి రాజ్యములను దక్కించుకొనుటకు యుద్ధములు చేసిన కుమార్తెయే. అయినను ఈ బిడ్డకు మోదెనా నిప్పింపలేదు. తన కుమారులలో నొకని కీ బిడ్డను చేసికొని, మోదెనా నతనికి చెందించుట కేర్పాటు చేసెను. 1753లో బిడ్డకు మూడేండ్లపు డొప్పందము కుదిరెను. ముందు లియోపోల్డు వరుడు. నడుమ నన్నగారొకరు గతించుటచే లియోపోల్డునకు తోస్కానా రాజ్యము దక్కు యోగము రాగా, ఆతనిని తప్పించి తమ్ముడగు ఫెర్డినాండును నిలిపిరి. వరుడు మాఱెను, వధువు మాఱలేదు. మోదెనా యామెతోడనే గదా పోవుచున్నది! 1771 అక్టోబరులో మిలాను నగరమున వివాహము. ఆ యుత్సవమునకు పదునైదేండ్ల బాలుడొకడు గీతనాటకమునకు సంగీతము కూర్చెను. అతని పేరు మొజార్టు.

ఈ తోస్కానా మాట వచ్చినది గనుక నా రాజ్యపు కడపటి మెదిచీ యాడుబిడ్డను దలపక పోరాదు. అన్నా మరియా లూయీజా 1667లో ఫ్లోరెన్సున పుట్టెను. జర్మనీలో నొక ఎలెక్టరు ప్రభువును పెండ్లాడి, యాతడు గతించినపిదప 1717లో పుట్టినింటికి వచ్చెను. సోదరులకు సంతతి లేదు. కుమార్తెయే వారసురాలు కావలెనని తండ్రి 1713లో ఫ్లోరెన్సు సెనేటుచే తీర్మానము చేయించెను. చక్రవర్తి యొప్పుకొనలేదు. 1737లో కడపటి తమ్ముడు పోగా, దొరతనము లొరెయిను వంశపు ఫ్రాన్సిసు కిచ్చిరి. ఆతడు పైన చెప్పిన వియన్నా మహారాణి భర్తయే.

రాజ్యము రాలేదు. కాని యింటిలోని సొత్తు, పటములు, శిల్పములు, గ్రంథములు, రత్నములు మాత్రము స్వకీయమైన యాస్తి యగుటచే నామెకు వచ్చెను. అదే యేడు అక్టోబరు 31వ తేదీన నామె యొక యొడంబడిక వ్రాయించెను. ఈ వస్తువులన్నియు క్రొత్త ప్రభువున కిచ్చుచున్నాను. కాని వీనిలో నొక్కటియైనను ఫ్లోరెన్సు నగరము దాటి పోరాదు. ఇవి నగరమున కలంకారముగను, ప్రజల కుపయోగముగను, పరదేశీయులను రప్పించునవిగను నుండవలెనని దాని సారము. 1743లో నామె గతించెను. నేడు లోకము నలుమూలలనుండి జనులు ఫ్లోరెన్సుకు పోయి చూచు చిత్రశాలలలోని సొమ్ములు చెదరక యుండుట కా యొడంబడిక ముఖ్యకారణము. పట్టము దక్కిన రాజులు తమ యిండ్లలోని పటముల నమ్ముకొన్నారు. మాంతువా ప్రభువులు తమ చిత్రములను ఇంగ్లండు రాజున కమ్మిన సంగతి ప్రసిద్ధమే.

తిరిగి మరియా బెయాత్రీచే కడకు వత్తము. తల్లి గతించి యామె మస్సా డచెస్సయి ఆఱేండ్లు నిండకముందే, 1796లో, నెపోలియను దండు మిలానులో ప్రవేశించెను. భర్త పిల్లలతో నాస్ట్రియాకు తరలిపోవలసి వచ్చెను. 1803లో తండ్రి, 1806లో భర్త గతించిరి. ఆ 1806లోనే నెపోలియను మస్సా, కర్రారా సీమలను తన చెల్లెలగు ఎలీసాకిచ్చెను. ఎలీసాకు మునుపే ప్యోంబీనో, లుక్కాలు దక్కియుండెను. ఈమె బిరుదులు పుట్టినింటివియు గావు, మెట్టినింటివియు గావు. అన్నగారు పసుపు కుంకుమలక్రింద నిచ్చినట్లిచ్చినవి. చక్కగ పాలించినదనియే చెప్పవలెను. కర్రారా శిల్పుల కప్పు లిచ్చుట కొక బ్యాంకు పెట్టించెను. లలితకళాశాలను రాజప్రాసాదములోనికి మార్పించెను. ఆ శిల్పుల చేత నన్నగారి ప్రతిమలు లెక్కకు మిక్కిలిగ చెక్కించి నలుదిక్కుల పంపించెను. అన్న పడగనే చెల్లెలి బిరుదులును పడెను.

1815లో వియన్నాలో రాజులందఱు గూడి ఐరోపాను మఱల పంచుకొన్నపుడు, తొంబదియెనిమిదవ ప్రకరణమున నీ తల్లి కుమారుల భాగము వ్రాసిరి. మోదెనా రాజ్యము కుమారుడగు నాల్గవ ఫ్రాన్సెస్కోకు. మస్సా, కర్రారాలు తల్లి మరియా బెయాత్రీచేకు, పూర్ణ స్వాతంత్ర్యముతో. తండ్రి రాజ్యము తన తలమీదుగ దాటి కుమారునకు పోయెను, మన ప్రతాపరుద్రుని వలె. కాని రుద్రమ తా నేలి మనుమని కిచ్చెను. ఈమె కేలునట్టి యవకాశమే రాలేదు. తల్లి రాజ్యమును మాత్రము కుమారునికంటె వేఱుగ, తన పేర, తాను బ్రదికినంతకాలము నేలుకొనెను. తనకు క్రొత్తగ కలిపిన లునిజానా గ్రామములను తానుగనే కుమారునకు విడిచిపెట్టెను.

దాని ప్రక్క ప్రకరణముననే నెపోలియను భార్య మేరీ లూయీజాకు పార్మా రాజ్య మిచ్చిరి. ఆమె తన బ్రదుకున్నంత కాలము డచెస్సు. కాని యామె కుమారుడు నెపోలియను బిడ్డ యగుటచే తల్లి రాజ్యమునకు రాకూడదని పిదప నిర్ణయించిరి.

మరియా బెయాత్రీచే 1829 నవంబరులో వియన్నాలో గతించెను. మస్సా కుమారుని మోదెనాలో గలసిపోయెను. మస్సా డచెస్సను పట్టము నా పిమ్మట మఱి యే స్త్రీయు పొందలేదు. కర్రారా నగరము నడుమ, ఆల్బెరీకో పేరు పెట్టిన చౌకులో, ఆ కొండరాతితోనే చెక్కిన యామె విగ్రహ మొకటి యెత్తైన పీఠముమీద నిలిచి యున్నది. క్రింద నీటి ధార పడుచుండును.